కనిపించే ఫలితం, కనిపించని కారణం: సోషల్ మీడియాలో నమ్మదగిన ఫిట్‌నెస్ కోచ్‌ను గుర్తించడం

ఉప్పు, నూనె మానేసి పండ్లు, మొలకలు, చప్పిడి కూరలు తినమని మంతెన సత్యనారాయణ రాజు దశాబ్దాలుగా చెబుతున్నారు. 2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన పద్ధతి తెలుగునాట ఊరూరా పాకింది. అన్నం, గోధుమలు, చక్కెర ఆపేసి, కొబ్బరినూనె వంటి కొవ్వులను రోజూ బాగా తీసుకోమన్నది అందులోని ప్రధాన సూత్రం. ఒకరు నూనె చుక్క కూడా వద్దంటే, ఇంకొకరు నూనెనే ఆధారం చేసుకోమన్నారు. అయినా బరువు తగ్గామని చెప్పేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. వాళ్లలో చాలామంది అబద్ధం చెప్పడం లేదు.

ఒకదానికొకటి పొసగని రెండు సలహాలు ఒకే ఫలితం ఎలా ఇస్తాయి? ఇది అర్థమైతే ఫోన్‌లో రోజూ ఎదురయ్యే ఫిట్‌నెస్ కోచ్‌లలో ఎవరిని నమ్మాలో, ఎవరిని దాటిపోవాలో తేల్చుకోవడం సులువవుతుంది. ఫలితం వచ్చిందంటే దానికి కోచ్ చెప్పిన కారణం కూడా నిజమని జనం అనుకుంటారు. పొరపాటు జరిగేది సరిగ్గా అక్కడే.

మొదటి వారంలో తగ్గేది ఏమిటి

తిన్న పిండిపదార్థాల్లో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. పెద్దవాళ్లలో ఈ నిల్వ దాదాపు 500 గ్రాములు. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా నిల్వ ఉంటుంది. అన్నం, రొట్టె ఆపేయగానే శరీరం ముందుగా ఈ నిల్వనే వాడుకుంటుంది. 400 గ్రాముల గ్లైకోజెన్ ఖర్చయితే దానితో పాటు 1,200 గ్రాముల నీరు కూడా పోతుంది. అంటే కొవ్వు పెద్దగా కదలకుండానే కాటా మీద కిలోన్నరకు పైగా తగ్గిపోతుంది.

నీరు పోవడానికి మరో దారి కూడా ఉంది. పిండిపదార్థాలు తగ్గితే రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు సోడియాన్ని ఎక్కువగా బయటికి పంపుతాయి, సోడియం వెంట నీరూ వెళ్తుంది. ఉప్పు మానేసినవారిలోనూ చివరికి జరిగేది ఇదే. లోపలికి వచ్చే సోడియమే తక్కువ కాబట్టి శరీరం పట్టి ఉంచే నీరు తగ్గుతుంది. రెండు డైట్లలోనూ మొదటి వారం ఒళ్లు తేలికపడటం, ఉంగరం వదులు కావడం, ముఖంలో ఉబ్బు తగ్గడం ఇందువల్లే. పెళ్లి భోజనం చేసి వచ్చిన మర్నాడు కాటా మళ్లీ కిలో ఎక్కువ చూపించడానికీ కారణం ఈ నీరే.

ఆ తర్వాత తగ్గే బరువు అసలైన కొవ్వు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కిలోక్యాలరీల లోటు రావాలి. ఇంట్లో నూనె బాగా వాడే మనిషి రోజుకు నాలుగు పెద్ద చెంచాల నూనె మానేస్తే 480 కిలోక్యాలరీల దాకా తగ్గుతాయి. రెండు పూటలా కలిపి 400 గ్రాముల అన్నం మానేసిన మనిషికి తగ్గేవి 520. నూనె మానేసినవారికీ అన్నం మానేసినవారికీ లోటు దాదాపు ఒకటే వచ్చింది, బరువూ దాదాపు ఒకే తీరుగా తగ్గింది. నూనె విషం కావడం వల్ల ఒకరు, అన్నం విషం కావడం వల్ల మరొకరు తగ్గలేదు.

ఈ లెక్కతో ఏ రీల్‌నైనా నిమిషంలో పరీక్షించవచ్చు. వారంలో 3 కిలోల కొవ్వు కరిగిస్తామని ఎవరైనా అంటే, అందుకు 23,100 కిలోక్యాలరీల లోటు కావాలి. అది రోజుకు 3,300. ఆఫీసు పని చేసే సగటు మనిషి రోజంతా ఖర్చు చేసేది రెండు వేల చిల్లర. అంటే వారమంతా పచ్చి మంచినీళ్లతో గడిపినా ఆ లోటు రాదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అరకిలో తగ్గడాన్ని సురక్షితమైన వేగంగా చెబుతుంది. రోజుకు వెయ్యి కిలోక్యాలరీల కంటే తక్కువ తినే డైట్లు వద్దని కూడా చెబుతుంది. ఈ వేగం గురించి నిజాయితీగా చెప్పే కోచ్‌కు మొదటి మార్కు వేయవచ్చు.

609 మందిలో ఏం జరిగింది

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసింది. ఒక గుంపు కొవ్వు తగ్గించి తిన్నది, మరో గుంపు పిండిపదార్థాలు తగ్గించి తిన్నది. రెండు గుంపులకూ కూరగాయలు ఎక్కువ తినమని, చక్కెర, మైదా, ప్యాకెట్ తిండి తగ్గించమని చెప్పారు. ఏడాది తర్వాత చూస్తే మొదటి గుంపు సగటున 5.3 కిలోలు, రెండో గుంపు 6 కిలోలు తగ్గింది. ఆ తేడా లెక్కలోకి తీసుకునేంతది కాదు. ఈ ఫలితాలు 2018లో వెలువడ్డాయి.

ఈ అధ్యయనంలో సగటు కంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. ఒకే డైట్ పాటించినవారిలో కొందరు 25 కిలోలకు పైగా తగ్గారు, కొందరు బరువు పెరిగారు. రెండు గుంపుల్లోనూ అలాగే జరిగింది. ఆకలి తీరు, నిద్ర, ఇంట్లో వండేదెవరు, పని ఒత్తిడి, వాడే మందులు, జన్యువులు అన్నీ కలిసి ఆ తేడా తెస్తాయి. దీన్నిబట్టి ఏ పద్ధతి చెప్పే కోచ్ దగ్గరైనా, కొన్ని వందల మంది చేరితే చాలు, 25 కిలోలు తగ్గినవారు ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. వాళ్ల కథ నిజం, వాళ్ల ఫొటో నిజం, వాళ్ల కృతజ్ఞతా నిజమే. కానీ అదే ప్లాన్‌తో మామూలుగా ఎంతమందికి ఏం జరుగుతుందన్నది ఆ ఫొటో చెప్పదు.

గెలిచినవారిని మాత్రమే చూపే ఈ పద్ధతి తెలుగు రాష్ట్రాల్లో అందరికీ పరిచితమే. పరీక్షా ఫలితాలు వచ్చిన మర్నాడు కాలేజీల హోర్డింగుల మీద ర్యాంకర్ల ముఖాలు నిండిపోతాయి. ఆ కాలేజీలో మొత్తం ఎంతమంది చేరారో, మిగతావాళ్లకు ఎంత వచ్చిందో హోర్డింగు మీద ఉండదు. చేరకముందే ఆ ర్యాంకర్ ఎంత చురుకైనవాడో కూడా ఉండదు. కోచ్‌ల పేజీల్లోని ‘ముందు, తర్వాత’ ఫొటోలు ఆ హోర్డింగు లాంటివే. అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఎంతమంది చేరితే వీళ్లు తేలారు? మధ్యలో మానేసినవారి సంగతి, ఏడాది తర్వాత బరువు తిరిగి పెరిగినవారి సంగతి కూడా చెప్పే కోచ్‌లు ఉన్నారు. తక్కువమందే, కానీ ఉన్నారు. వాళ్ల మాటకు విలువ ఎక్కువ.

ఇంకో చిక్కు కూడా ఉంది. మనిషి కోచ్‌ను వెతుక్కునేది సాధారణంగా పరిస్థితి బాగా చేజారినప్పుడే. వరుస పెళ్లిళ్ల తర్వాతనో, రక్తపరీక్షలో కొవ్వు ఎన్నడూ లేనంత ఎక్కువ వచ్చినప్పుడో. అలాంటి అంకెలు ఏమీ చేయకపోయినా కొంతవరకు వెనక్కి వచ్చి మామూలు స్థాయికి చేరతాయి. 19వ శతాబ్దంలో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ మనుషుల ఎత్తుల మీద చేసిన లెక్కల్లో ఈ ధోరణిని గుర్తించాడు. ఆ సమయంలో ఏ కషాయం తాగుతున్నా పేరు దానికే వస్తుంది.

ఆ ఒళ్లు ఎలా వచ్చింది

ఫొటోలో మార్పు తేవడానికి నెలలు అక్కర్లేదు. ఉదయం పరగడుపున, పై నుంచి పడే వెలుతురులో, అప్పుడే బరువులెత్తి కండరాల్లోకి రక్తం చేరినప్పుడు, శ్వాస బిగపట్టి తీసిన ఫొటో ఒకటి. రాత్రి భోజనం తర్వాత, ఎదురు వెలుతురులో, భుజాలు వదిలేసి, పొట్ట వదులుగా ఉంచి తీసిన ఫొటో ఒకటి. రెండూ ఒకే రోజున ఒకే మనిషివి కావచ్చు. పోటీలకు దిగే బాడీబిల్డర్లు ఆ ఒక్క రోజు కోసం నీరు, ఉప్పు, పిండిపదార్థాలను ముందు నుంచే లెక్కగా మారుస్తారు. వేదిక దిగాక ఆ రూపం ఎన్నో రోజులు నిలవదు.

మందుల సంగతి ఇంకా తీవ్రమైనది. ‘లివర్ కింగ్’ పేరుతో సోషల్ మీడియాలో పేరు పొందిన అమెరికన్ బ్రయన్ జాన్సన్, పచ్చి కాలేయం తింటూ ఆదిమానవుల్లా బతకడం వల్లే తన ఒళ్లు అలా ఉందని చెప్పుకున్నాడు. ఆ పేరుతో సప్లిమెంట్లు అమ్మాడు. 2022 నవంబర్ చివర్లో అతని ఈమెయిళ్లు బయటపడ్డాయి. నెలకు 11,000 డాలర్ల దాకా హార్మోన్ మందుల మీద ఖర్చు చేస్తున్నాడని వాటిలో ఉంది. ఆ తర్వాత స్టెరాయిడ్లు వాడానని అతనే వీడియోలో ఒప్పుకున్నాడు. అనబాలిక్ స్టెరాయిడ్లు కండరంలో కొత్త ప్రొటీన్ తయారయ్యే వేగాన్ని పెంచుతాయి. అదే సమయంలో గుండె కండరాన్ని దళసరి చేస్తాయి, మంచి కొలెస్ట్రాల్‌ను పడగొడతాయి, వృషణాలు సొంతంగా హార్మోన్ తయారుచేయడాన్ని ఆపేయిస్తాయి. కోచ్ ఒంటిని చూసి ఈ మందులు వాడాడో లేదో తేల్చడం నిపుణులకు కూడా కష్టమే. అందుకే ఒళ్లు చూసి ఎవరినీ ఎంచుకోకూడదు.

మందుల ప్రసక్తి లేకపోయినా ఇదే వర్తిస్తుంది. పదిహేనేళ్లుగా వ్యాయామం చేస్తున్న మనిషి మూడు నెలల ప్లాన్ అమ్ముతుంటే, అతని ఒంటికి కారణం ఆ పదిహేనేళ్లే. ఆ ప్లాన్ కాదు.

పెట్టె: పొట్ట వ్యాయామంతో పొట్ట కరుగుతుందా?

పొట్ట కండరాలకు పని చెబితే పొట్ట మీది కొవ్వే కరుగుతుందన్నది సోషల్ మీడియాలో ఎప్పటికీ అమ్ముడుపోయే మాట. కండరం పని చేస్తున్నప్పుడు దానికి కావలసిన ఇంధనం పక్కనున్న కొవ్వులోంచి నేరుగా రాదు. హార్మోన్ల సంకేతం అందగానే ఒంట్లోని కొవ్వు కణాలు అన్నిచోట్లా కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదులుతాయి. రక్తం వాటిని కండరానికి చేరుస్తుంది. ఏ చోటు నుంచి ముందు, ఏ చోటు నుంచి వెనుక అన్నది జన్యువులు, హార్మోన్లు, స్త్రీపురుష భేదం తేలుస్తాయి. 1971లో పరిశోధకులు టెన్నిస్ ఆటగాళ్ల చేతులు కొలిచారు. ఏళ్ల తరబడి రాకెట్ పట్టిన చేతిలో కండరం పెద్దది, కానీ చర్మం కింది కొవ్వు మాత్రం రెండు చేతుల్లోనూ ఒకేలా ఉంది. పొట్ట వ్యాయామాలు దండగ కావు, నడుముకు బలమిస్తాయి. ఆ బలం గురించి చెబుతూ వాటిని నేర్పేవాళ్లు సరైనవాళ్లు. పొట్ట కరిగిస్తామని నేర్పేవాళ్లకు కొవ్వు ఎలా ఖర్చవుతుందో తెలియదు, లేదా తెలిసీ దాస్తున్నారు.

ఎవరి మాట పైకి వస్తుంది

ఫోన్‌లో ఏ వీడియో ఎవరికి చూపాలో నిర్ణయించే ప్రోగ్రామ్‌కు నిజానిజాలతో పని లేదు. జనం ఎంతసేపు చూశారు, ఎంతమందికి పంపారు, కింద ఎంత వాదించుకున్నారు అన్నదే దానికి కొలత. ‘అన్నం స్లో పాయిజన్’ అన్న వీడియో మీద వాదన పుడుతుంది. ‘అన్నం కొలత తగ్గించి, పక్కన పప్పు, కూర పెంచండి’ అంటే ఎవరూ వాదించరు. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో పాకిన సుమారు 1,26,000 కథనాలను ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2018లో ప్రచురించారు. నిజమైనవాటి కంటే అబద్ధపు కథనాలు వేగంగా, దూరంగా పాకాయని తేలింది. ఒక కారణం కొత్తదనం. నిజం చాలాసార్లు పాతదే అయి ఉంటుంది.

దీంతో నెమ్మదిగా మాట్లాడే కోచ్‌లు కింద పడిపోతారు, గట్టిగా అరిచేవాళ్లు పైకి వస్తారు. ఫాలోవర్ల సంఖ్య నైపుణ్యానికి కొలత కాకపోగా, లక్షల మందిని కూడగట్టడానికి ఏ మాట ఎలా చెప్పాల్సి వచ్చిందన్న అనుమానానికి కూడా తావిస్తుంది. పెద్ద సంఖ్య ఉన్నవాళ్లంతా చెడ్డవాళ్లని దీని అర్థం కాదు. అంకెను పక్కన పెట్టి మాటను పరీక్షించాలి, అంతే.

పేరు పక్కన అక్షరాలు

‘న్యూట్రిషనిస్ట్’, ‘హెల్త్ కోచ్’, ‘వెల్‌నెస్ కోచ్’ అని మన దేశంలో చాలామంది చదువుతో సంబంధం లేకుండా రాసుకుంటున్నారు. కొన్ని డైరెక్ట్ సెల్లింగ్ గొలుసుల్లో పౌడర్ డబ్బాలు కొని సభ్యులైతే చాలు, వెల్‌నెస్ కోచ్ అన్న బిరుదు వచ్చేస్తుంది. డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ వంటి వృత్తులకు రిజిస్టర్ తెచ్చే చట్టం 2021లో పార్లమెంటులో ఆమోదం పొందింది. అంతకు చాలా ముందు నుంచి, 1963లో ఏర్పడిన భారత డైటెటిక్ అసోసియేషన్ ‘రిజిస్టర్డ్ డైటీషియన్’ (ఆర్డీ) గుర్తింపు ఇస్తోంది. దానికి పోషకాహార శాస్త్రంలో చదువు, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్, ఆపై పరీక్ష ఉంటాయి. పేరు పక్కన ఆర్డీ అని రాసుకున్నవారిని రిజిస్ట్రేషన్ నంబరు అడగవచ్చు. నిజమైనవాళ్లు నొచ్చుకోరు.

ట్రైనర్లకు ఏస్, ఎన్‌ఎస్‌సీఏ, ఏసీఎస్‌ఎం వంటి అంతర్జాతీయ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఎన్‌ఎస్‌సీఏ ఇచ్చే సీఎస్‌సీఎస్‌కు డిగ్రీ కూడా తప్పనిసరి. వారాంతపు వర్క్‌షాప్‌లో చేతికిచ్చిన కాగితం వీటితో సమానం కాదు. ఇక ‘డాక్టర్’ అన్న మాట ముందు ఆగి, దేనిలో డాక్టర్ అని చూడాలి. వైద్య పట్టా ఉన్నవారి పేర్లు జాతీయ వైద్య కమిషన్ రిజిస్టర్‌లో ఆన్‌లైన్‌లోనే వెతకవచ్చు. అయితే ఎంబీబీఎస్‌లో పోషకాహారానికి దొరికే సమయం చాలా తక్కువ. మోకాళ్ల శస్త్రచికిత్స బాగా చేసే డాక్టర్ గట్ బ్యాక్టీరియా గురించి చెప్పే మాటకు ఆ శస్త్రచికిత్స నైపుణ్యం పూచీ ఉండదు.

చదువు ఉన్నంత మాత్రాన మాట నిజం కాదు. కానీ చదువు ఉన్నవారికి తమ హద్దు ఎక్కడో తెలిసే అవకాశం ఎక్కువ. డైటీషియన్ స్క్వాట్‌లో నడుము వంపు సరిచేయబోకుండా, ట్రైనర్ థైరాయిడ్ మాత్ర ఆపమనకుండా ఉండటం ముఖ్యమైన గుర్తు. ‘ఇది నా పని కాదు, ఫలానావారిని కలవండి’ అన్న మాట పేజీలో ఎన్నిసార్లు కనిపిస్తుందో వెతకాలి. నంబరు ఉన్న సర్టిఫికెట్ కంటే కొన్నిసార్లు ఆ మాటే ఎక్కువ చెబుతుంది.

ఒక మాటను విప్పి చూడటం

‘పరగడుపున జీలకర్ర నీళ్లు తాగితే 15 రోజుల్లో పొట్ట తగ్గుతుంది, అధ్యయనాల్లో తేలింది’ అన్న వీడియో తీసుకుందాం. మొదట చూడాల్సింది దేనితో పోల్చారన్నది. అంతకుముందు పరగడుపున రెండు చెంచాల చక్కెర వేసిన కాఫీ తాగుతున్న మనిషి ఇప్పుడు దాని బదులు జీలకర్ర నీళ్లు తాగితే, తగ్గింది చక్కెర. అధ్యయనం అంటే ఎవరి మీద చేసింది? ఎలుకల మీదా, మనుషుల మీదా? ఎంతమంది, ఎన్నాళ్లు? కొలిచింది బరువునా, కొవ్వునా, రక్తంలో ఏదో ఒక రసాయనాన్నా? వాడింది గ్లాసు నీళ్లలో నానిన చెంచా జీలకర్రా, లేక గాఢమైన పొడా? మంచి కోచ్ ఇవన్నీ అడగకముందే చెబుతాడు. లేదా ‘నీళ్లు తాగితే నష్టం లేదు, పొట్ట తగ్గడానికి ఇది కారణం కాదు’ అని రెండు ముక్కల్లో తేలుస్తాడు. అధ్యయనం అన్న మాటను ఆయుధంలా వాడేవాళ్లు ఈ ప్రశ్నలకు జవాబివ్వరు. అడిగినవారిని బ్లాక్ చేసేవారూ ఉన్నారు.

పాత వీడియోలు కూడా చూడాలి. శాస్త్రం మారుతుంది. ఆహారంలో కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న అంకెను అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015 సంచికలో తొలగించాయి. గుడ్డు సొనకు భయపడమని ఒకప్పుడు చెప్పి, తర్వాత ‘ఆధారం మారింది కాబట్టి నా సలహా మార్చుకున్నాను’ అని చెప్పినవారు ఆధారం వెంట నడిచేవారు. ఐదేళ్లలో ఒక్క మాటా మార్చనివారు, లేదా నెలకో కొత్త విషాన్ని కనిపెట్టేవారు ఆ కోవలోకి రారు.

నిజంగా పని చేసే సలహా చాలావరకు చప్పగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయమంటుంది. బరువులెత్తడం మొదలుపెట్టిన తొలి వారాల్లో బలం పెరిగేది ముఖ్యంగా నాడులు కండరాన్ని మెరుగ్గా పనిచేయించడం నేర్చుకోవడం వల్ల. కండరం పెరగడం కంటికి కనిపించేది తర్వాతే. ఈ క్రమం తెలిసిన కోచ్ మొదటి రెండు నెలలు అవే నాలుగైదు కదలికలు చేయించి, బరువు కొద్దికొద్దిగా పెంచుతాడు. రోజుకో కొత్త విన్యాసం చూపే పేజీ చూడటానికి బాగుంటుంది. శరీరానికి మాత్రం దేనికీ అలవాటు పడే వ్యవధి దొరకదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది

ఉచితంగా సలహా ఇచ్చే కోచ్‌కూ ఇల్లు గడవాలి. వచ్చే ఆదాయం క్లాసుల ఫీజు అయితే అది కనిపిస్తుంది. కూపన్ కోడ్‌తో కొన్న ప్రతి డబ్బా మీద కమిషన్ అయితే కనిపించదు. ఏ సమస్య చెప్పినా చివరికి ఒకే పౌడర్ దగ్గరికి తీసుకెళ్లే పేజీని సలహాల పేజీగా కాక దుకాణంగా చూడాలి.

ప్రొటీన్ విషయంలో ఇది బాగా తెలుస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ లెక్కన ఆరోగ్యవంతులైన పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. కండరం పెంచడానికి బరువులెత్తేవారికి కిలోకు 1.6 గ్రాముల దాకా ప్రయోజనం ఉందని, ఆపై అదనపు లాభం కనిపించలేదని 49 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి సమీక్ష చెప్పింది. అదే 60 కిలోల మనిషికి ఇది 96 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్లు, చికెన్, చేప, సోయాతో చాలామంది అందుకోగలిగినదే. శాకాహారులకు, హాస్టల్లో తినేవారికి పౌడర్ సౌకర్యంగా ఉండవచ్చు. అది సౌకర్యమే, మందు కాదు. 2024లో జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దన్నాయి. మన మార్కెట్లోని 36 ప్రొటీన్ ఉత్పత్తులను పరీక్షించి అదే ఏడాది ప్రచురించిన ఒక అధ్యయనంలో దాదాపు 70 శాతం డబ్బాల మీద ప్రొటీన్ అంకె తప్పని తేలింది.

పెట్టె: డబ్బా మీది అంకె ఎలా తప్పుతుంది

ఆహారంలో ప్రొటీన్‌ను చాలాచోట్ల నేరుగా కొలవరు. ప్రొటీన్‌లో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి, నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. ఈ పరీక్షకు నత్రజని ఎక్కడిదో తెలియదు. ఖరీదైన పాల ప్రొటీన్ తగ్గించి, చవకగా దొరికే గ్లైసిన్, టారిన్ వంటివి కలిపితే నత్రజని అంకె నిలబడుతుంది. కండరానికి కావలసిన అమైనో ఆమ్లాల కలయిక మాత్రం లోపిస్తుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలలో మెలమైన్ కలిపింది కూడా ఈ పరీక్షను మోసగించడానికే. అందుకే డబ్బా వెనుక గ్లైసిన్, టారిన్ విడిగా కలిపారేమో చూడమని, ఏ అమైనో ఆమ్లం ఎంతుందో ప్రయోగశాల నివేదిక అడగమని చెప్పే కోచ్ తన ఫాలోవర్లకు మేలు చేస్తున్నట్టే.

ప్రకటనల విషయంలో నియమాలు ఉన్నాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం డబ్బు, బహుమతి, కమిషన్ ఏది అందినా ఆ సంగతి స్పష్టంగా కనిపించేలా చెప్పాలి. ఆరోగ్య నిపుణులమని చెప్పుకుంటూ సలహా ఇచ్చేవారు తమ అర్హత వెల్లడించాలి. నిపుణులు కానివారు తమ మాట వైద్యసలహాకు ప్రత్యామ్నాయం కాదని చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా ఉంది. ప్రకటన అన్న మాటను హ్యాష్‌ట్యాగుల గుంపులో చివర దాచినవారు ఈ నియమం తెలిసే దాస్తున్నారు.

ఏ రీల్‌నూ నేరుగా పాటించకూడనివారు

భారత్‌లో 10 కోట్లకు పైగా మధుమేహం ఉన్నవారు ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో అంచనా వేసింది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడుతున్న మనిషి వీడియో చూసి ఒక్కసారిగా అన్నం మానేస్తే, మందు మాత్రం పాత భోజనం లెక్కతోనే పనిచేస్తుంది. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహ మందులు వాడేవారిలో ఇంకో ప్రమాదం ఉంది. పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, మీటర్‌లో చక్కెర మామూలుగానే కనిపిస్తున్నా రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుపోయి ప్రాణాపాయం రావచ్చు. భోజనం మారాలంటే ముందు మందు మోతాదు మారాలి. అది డాక్టర్ చేయాల్సిన పని.

మూత్రపిండాల జబ్బు తొలి దశల్లో బయటికి ఏ లక్షణమూ చూపదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎన్నో కుటుంబాలకు ఈ సంగతి అనుభవంలో ఉంది. ఇప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలకు అధిక ప్రొటీన్ అదనపు భారం. క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయించకుండా అందరికీ ఒకే అధిక ప్రొటీన్ చార్టు పంచే కోచ్ ఈ తేడా చూడటం లేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గుండెజబ్బు ఉన్నవారు, ఎదిగే పిల్లలు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది పడుతున్నవారు కూడా ఇదే జాబితాలో ఉంటారు. కోచ్ నమ్మదగినవాడా కాదా అన్నది తేల్చడానికి ఇంతకంటే సూటి పరీక్ష లేదు. ‘ఇది వీళ్లు చేయకూడదు’ అని అతను చెబుతున్నాడా, లేదా?

డబ్బు కట్టే ముందు

ఉచిత వీడియోల నుంచి ‘మీకోసం ప్రత్యేకంగా’ అన్న ప్యాకేజీకి మారేటప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి. అమెరికాలో బ్రిటనీ డాన్ డేవిస్ అనే ఇన్‌ఫ్లుయెన్సర్ వ్యక్తిగత ప్లాన్లు, వ్యక్తిగత కోచింగ్ పేరుతో డబ్బు తీసుకుని, మాట ఇచ్చిన సేవ అందించలేదని ఫిర్యాదులు వచ్చాయి. తిండి విషయంలో తీవ్రమైన మానసిక సమస్య ఉన్నవారు కూడా ఆ కొనుగోలుదారుల్లో ఉన్నారు. 2022లో టెక్సాస్ రాష్ట్రం ఆమె మీద కేసు వేసింది. మరుసటి ఏడాది 4 లక్షల డాలర్లు చెల్లించే ఒప్పందంతో అది ముగిసింది.

వ్యక్తిగత ప్లాన్ ఇచ్చేవారు ముందు అడగాల్సినవి చాలా ఉంటాయి. వయసు, జబ్బులు, వాడే మందులు, పాత గాయాలు, ఇటీవలి రక్తపరీక్షలు, నిద్ర, పని వేళలు, ఇంట్లో ఏం వండుతారు, ఎంత ఖర్చు పెట్టగలరు. ఎత్తు, బరువు మాత్రమే అడిగి గంటలో పీడీఎఫ్ పంపితే అది అందరికీ పంపేదే. అందులో ఓట్స్, అవకాడో, బ్రకోలీ ఉండి జొన్నరొట్టె, పప్పుచారు, మజ్జిగ కనిపించకపోతే ఆ సంగతి మరింత స్పష్టం. ప్రశ్న పంపితే జవాబు కోచ్ రాస్తాడా, పేరు తెలియని సహాయకులు రాస్తారా, ఎన్ని రోజుల్లో రాస్తారు, మధ్యలో మానేస్తే డబ్బు వాపసు ఉంటుందా అన్నవి కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఏడాది ఫీజు ముందే కట్టమనేవారి కంటే నెల నెలా తీసుకునేవారు మేలు.

రెండు నెలల తర్వాత నడుము కొలత, మెట్లెక్కినప్పుడు ఆయాసం, ఎత్తగలిగే బరువు, నిద్ర, రక్తపరీక్ష, ఇవన్నీ కలిపి చూసుకోవాలి. ఏ మార్పూ లేకపోతే మంచి కోచ్ ప్లాన్ మారుస్తాడు. ‘మీరు మనసుపెట్టి చేయలేదు’ అనడు. డబ్బు తీసుకుని సేవ అందించకపోయినా, దాచిన ప్రకటనతో సరుకు అంటగట్టినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. అందుకు రసీదు, చాట్‌ల స్క్రీన్‌షాట్లు, కోచ్ ఇచ్చిన మాట ఉన్న వీడియో కాపీ దగ్గర ఉండాలి. పోస్టు ఏ క్షణంలోనైనా తొలగించేయవచ్చు కాబట్టి, చేరిన రోజే వాటిని దాచుకోవడం అవసరం.